దెబ్బ తగిలిన తీరు

"ఎవడే ఆ జోయీ?" అన్నాడు గార్త్.

కొలెట్ సింకు దగ్గర అతని భోజనం డబ్బా తోముతోంది. రేపటి పరీక్షలో తన జత పేరు జోడీ. "నా చేతులూ భుజాలూ పరీక్షించేది జోడీయే" అని ఇందాక ఫోనులో అంది. గార్త్ చెవికి అది జోయీ అయింది. జోయీ అంటే మగాడు. కాదు మొర్రో అనేలోపే జబ్బ పట్టి ఈడ్చాడు, మూలనున్న హాకీ కర్ర అందుకున్నాడు. మొదటి దెబ్బ తలకి అడ్డం పెట్టిన ఎడమ చేతి మీద పడింది. రెండోది వీపు మీద. మూడోది గురి తప్పి పింగాణీ పళ్ళేన్ని ముక్కలు చేసింది. "చూశావా, నీ వల్ల మంచి పళ్ళెం పోయింది" అన్నాడు.

ముక్కలు ఏరుతూ కొలెట్ ఆలోచించింది. చెవి పొరబడితే చెయ్యెందుకు లేవాలి? పోయిన నెల సూపు చల్లారిందని తన్నినప్పుడు చెవులు బాగానే ఉన్నాయిగా! "గనిలో రాళ్లు పగలగొట్టే మగాడమ్మా, ఆ బలం ఎక్కడికి పోతుంది?" అంటుంది అత్తగారు. రాళ్లు కూడా తనలాగే నోరెత్తవు గనక పోల్చడం సులువు. కట్టుకున్నవాడు కొట్టాడు, కట్టు కట్టుకుంది, తెల్లారేసరికి కట్టుకథ కూడా సిద్ధం చేసుకుంది.

కొలెట్‌ది ఒంటి కదలికల చదువు, కినీసియాలజీ. డిగ్రీ అయ్యాక ఈ గనుల ఊరు సడ్బరీలోని కాలేజీలో మరో ఏడాది. ఇవాళ గట్టెక్కితే సోమవారం నుంచి గని దెబ్బలు తిన్నవాళ్లని మళ్లీ నడిపించే క్లినిక్కులో ఉద్యోగం. పరీక్ష కూడా ఒకరి ఒంటి మీద ఒకరు చేసేదే: తడిమి చూడాలి, దెబ్బ ఎలా తగిలిందో కాగితం మీద రాయాలి. ఏడాది పొడుగునా తడిమే వంతే అడిగి తీసుకున్న కొలెట్‌కి ఈ పరీక్షకి మాత్రం నిన్న తీసిన చీటీల్లో తడిమించుకునే వంతు వచ్చింది.

జోడీకి యాభై రెండేళ్లు. ఇరవై ఏళ్లు ఆసుపత్రి వంటగదిలో గిన్నెలు మోసి చదువుకొచ్చింది. ఒకసారి తప్పింది, ఇది ఆఖరి అవకాశం.

"చొక్కా తియ్యి పిల్లా, నీ గుట్టు రట్టు చేస్తా" అని నవ్వింది. చెయ్యి చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. "ఏమైందే తల్లీ?"

"మంచు మీద జారాను."

"ఈ ఊళ్లో జారనిదెవరు! నేను నిన్ననే పడ్డా" అన్నారు వెనక నుంచి ఎవరో. గదంతా నవ్వింది. జోడీ వేళ్లు మోచేతి కింద నొక్కాయి, జబ్బ దాకా వెళ్లి ఆగాయి. అక్కడ నాలుగు నల్లమచ్చలు వరసగా, ఐదోది ఎదురుగా.

"మంచుకి వేళ్లుంటాయా?" అంది గుసగుసగా.

కొలెట్ చొక్కా అందుకోబోయింది.

"రాయండి జోడీ, టైమవుతోంది" అంది పరీక్ష పెడుతున్న లాహ్తి మేడం.

జోడీ కలం తీసి, కొలెట్ మొహంలోకి చూసి, 'మంచు మీద జారి' అని రాయడం మొదలెట్టింది. తప్పని తెలిసే రాస్తోంది. నా అబద్ధానికి ఇప్పుడు ఈవిడ చదువు కూడా పోవాలా? ఇంట్లో పళ్ళెం, ఇక్కడ జోడీ. ఇంకా ఎన్ని పగలాలి?

కొలెట్ లేచి ఆ కలం పట్టుకుంది.

"మేడం, జోడీ కనిపెట్టేసింది. అబద్ధం నాది." ఎడమ చెయ్యి ముందుకి చాపింది. "జారితే అరచెయ్యి ఆనుతుంది, మణికట్టు వాస్తుంది. నా అరచెయ్యి చూడండి, గీత కూడా లేదు. దెబ్బ చిటికెన వేలి వైపు, మోచేతికీ మణికట్టుకీ నడుమ ఉంది. తలకి అడ్డం పెట్టిన చెయ్యి ఇది. ఎదురుగా నిలబడ్డ కుడిచేతి వాటం మనిషి, హాకీ కర్రతో పైనుంచి కొట్టాడు. జబ్బ మీదవి అతని వేళ్లే. నా మొగుడు."

 కొలెట్ చొక్కా తొడుక్కోలేదు.

"జోడీకి మార్కులు వేసేయండి మేడం. ఆ కాగితం నకలు నాకొకటి కావాలి, ఇక్కణ్ణించి తిన్నగా పోలీసుల దగ్గరికే వెళ్తున్నాను."