నిండు సీసా

పొద్దున్నే వంటింటి గట్టు మీద నీళ్ళ సీసాలు వరసగా నిలబెట్టి నింపడం ఆమె పని. భర్తది స్టీలు సీసా, కూతురిది గులాబీ రంగుది, అత్తగారు మంచం పక్కన పెట్టుకునేది పాత గాజుది. చివరిది ఆమెది. అది నింపేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి కాస్త బద్ధకిస్తుంది. పొద్దున ఎలా తీసుకెళ్తుందో సాయంత్రం అలాగే తిరిగొచ్చే సీసా మీద అంత శ్రద్ధ దేనికి?

"తీసుకెళ్ళిన నీళ్ళు తీసుకెళ్ళినట్టే తెస్తావు. ఊరికే మోత తప్ప ఏముందమ్మాయ్ అందులో?" అంటుంటారు అత్తగారు. ఆమె నవ్వేసి ఊరుకుంటుంది. కాంక్రీటులో ఎన్ని నీళ్ళు పడాలో, ఒక్క చెంబు ఎక్కువైతే ఏమవుతుందో గడగడా అప్పజెప్పగల ఇంజనీరు, పొద్దుటి కాఫీ తర్వాత తన గొంతులోకి చుక్క నీళ్ళు పోనివ్వదని చెబితే ఆవిడ ఏమనుకుంటారు?

ఆ విద్య ఆమెకి కాలేజీలోనే పట్టుబడింది. సర్వే క్యాంపులో మగపిల్లలు పరికరానికి కన్ను ఆనించి చూస్తుంటే, ఆడపిల్లల చేతికి పొడుగాటి కొలబద్ద ఇచ్చి దూరంగా ఎండలో నిలబెట్టేవారు. "కదలకుండా పట్టుకోమ్మా, నువ్వు అది చేస్తే చాలు" అనేవారు లెక్చరరు. లెక్కలన్నీ ఆమె దగ్గరే కాపీ కొట్టిన కుర్రాడొకడు ఒంటికన్ను మూసుకుని "ఎడమకి, ఇంకాస్త ఎడమకి" అంటూ దర్జాగా చెయ్యి ఊపేవాడు. తర్వాత ఆమె ఆ కుర్రాడినే పెళ్ళి చేసుకుంది, అది వేరే సంగతి. ఆ క్యాంపులోనే ఒక సీనియరు ఆమెని పక్కకి పిలిచి చెప్పింది. "పొద్దున లేచాక నీళ్ళు ముట్టకు. మరీ దాహమేస్తే పెదాలు తడుపుకో, అంతే. మేమందరం అలాగే గట్టెక్కాం." నేల గుణాలూ దూలాల లెక్కలూ ఎన్నిసార్లు చదివినా ఎక్కడో ఒకచోట మర్చిపోయింది కానీ, ఏ పుస్తకంలోనూ లేని ఆ పాఠం మాత్రం మర్చిపోలేదు.

పెళ్ళయ్యాక, కూతురు పుట్టాక, మళ్ళీ ఉద్యోగం కోసం కూర్చుని చదివింది. కూర్చుని అనడం మాటవరసకే. కుక్కరు కూతకీ కూతకీ మధ్య ఒక లెక్క, పాప స్నానానికీ నిద్రకీ మధ్య ఒక పేజీ. "ఈ వయసులో ఆ పుస్తకాలేంటోయ్, నేను సంపాదించేది చాలట్లేదా?" అని భర్త వేళాకోళం చేసేవాడు. ఇంటర్వ్యూలో అడిగారు, ఎండలో నిలబడగలవా, నిచ్చెనలెక్కగలవా, ఇంట్లో ఒప్పుకుంటారా అని. అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. "మీరేమైనా అడగాలా?" అన్నారు చివర్లో. అడగాల్సింది ఒక్కటే ఉంది. అది నాలుక చివరిదాకా వచ్చి, ఎదురుగా కూర్చున్న మగవాళ్ళ మొహాలు చూసి వెనక్కి వెళ్ళిపోయింది. "ఏమీ లేదు సార్" అంది.

ఆమె పనిచేసే సైట్లో ఒక బడి కడుతున్నారు. అక్కడ బాత్రూం లేదు. మగవాళ్ళకి ఏ గోడ చాటునైనా సరిపోతుంది. ఆడకూలీలు జట్టుగా వెనక పొదల వైపు వెళ్తారు. చేరిన కొత్తలో వాళ్ళే పిలిచారు. "రండమ్మా, దుప్పటి అడ్డం పట్టుకుంటాం. మా దగ్గర సిగ్గేంటి?" ఆమె తల అడ్డంగా ఊపింది. మేడమ్ మేడమ్ అని పిలిచేవాళ్ళ మధ్య వెళ్ళి ఎలా కూర్చోవాలో ఆమెకి తెలియలేదు. మనస్ఫూర్తిగా పిలిచినవాళ్ళని కాదన్నందుకు ఆ తర్వాత చాలా రోజులు వాళ్ళ మొహం చూడలేకపోయింది.

ఇక మిగిలింది రోడ్డు చివర పెట్రోలు బంకు. అక్కడి బాత్రూం తాళంచెవికి పెద్ద చెక్కముక్క కట్టి ఉంటుంది, ఎవరూ జేబులో వేసుకుపోకుండా. గల్లా దగ్గర కూర్చునే మనిషిని అడగాలి. ఊరికే అడగడానికి మొహమాటమేసి, ముందు స్కూటరుకి పెట్రోలు కొట్టించేది. నిండుగా ఉన్న ట్యాంకులో ఇంకాస్త పోయించుకునే ఈ మేడమ్‌ని చూసి ఆ గల్లా మనిషి ముసిముసిగా నవ్వుతూ అడగకముందే చెక్కముక్క ముందుకు తోసేవాడు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ ఆమెకి సిగ్గుతో చచ్చిపోయినంత పనయ్యేది.

వరండా స్లాబ్ వేసిన రోజు ఆమెకి పొద్దుటినుంచీ మంట. నీళ్ళు తాగక తెచ్చుకున్న జబ్బే. "నీళ్ళు తాగండి, ఆపుకోకండి" అని డాక్టరమ్మ రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ రెండూ చెయ్యగలిగితే ఆవిడ దగ్గరికి వెళ్ళే అవసరమే ఉండేది కాదు. కాంక్రీటు కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీ వచ్చిన ప్రతిసారీ అది పల్చగా ఉందో గట్టిగా ఉందో పరీక్షించి, ఆమె సరేనన్నాకే దించాలి. మొదటి లారీలు చూసింది. తర్వాత బలం పరీక్షించడానికి ఆ కాంక్రీటుతోనే చిన్న దిమ్మలు, క్యూబులు, పోయించింది. ఆ తర్వాత ఇక నిలబడడం ఆమె వల్ల కాలేదు. "నేనొచ్చేదాకా ఏదీ దించకండి" అని సూపర్‌వైజరుకి చెప్పి, ఎందుకో చెప్పకుండా, స్కూటరు తీసింది.

ఆ సూపర్‌వైజరుని సైట్లో అందరూ అర్జంటు అంటారు. ఏ పనైనా నిన్నటికే అయిపోవాలంటాడు. ఆమె తిరిగొచ్చేసరికి లారీ ఖాళీ అయిపోయింది. కాంక్రీటు జారే తొట్టి మీద నీళ్ళ పైపు వేలాడుతూ ఉంది. వరండా ముందుకి చొచ్చుకొచ్చిన భాగం, కింద గోడల ఆసరా లేని భాగం, దాని మీద నీళ్ళు తేలి మెరుస్తున్నాయి.

"నీళ్ళు కలిపారా?"

"అబ్బే, పైపు కడిగాం మేడమ్. ఎండకి బిగుసుకుపోతుంటే ఎంతసేపని చూస్తాం? ఇంతకీ మీరెక్కడికి వెళ్ళారు? పెద్దసారు అడిగారు."

చుట్టూ మగవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. "ఇక్కడే ఉన్నాను. ఫోనొస్తే మాట్లాడ్డానికి కిందికి దిగాను" అంది.

"అయితే ఇంకేం, లారీ మీరుండగా దించినట్టే" అన్నాడు అర్జంటు, తేలిగ్గా. ఆ మాటతో ఆమె నోరు కట్టేసినట్టయింది. కాదంటే బంకు సంగతి చెప్పాలి. అవునంటే ఆ స్లాబు తనదే. ఆమె ఏమీ అనలేదు, ఏమీ అనకపోవడమంటే అవుననడమేనని తెలిసి కూడా.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ భర్తకి చెప్పింది. డిజైన్ ఆఫీసులో చల్లగా కూర్చుని, బల్ల దగ్గర్నుంచి లేస్తే బాత్రూం తలుపు తగిలే చోట పనిచేసే మనిషి ముందుగా అన్న మాట, "కాసేపు ఆపుకోలేకపోయావా?" ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "కాస్త నీళ్ళు పడినంత మాత్రాన స్లాబులు కూలిపోతాయా? చెప్పావనుకో, పగలగొట్టమంటారు. ఎక్కడికెళ్ళావు, ఎందుకెళ్ళావు అని నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారు. ఏమని చెప్తావు? వినడానికే బాగోదు. చేరి ఏడాది కూడా కాలేదు, ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకోకు." ఒకప్పుడు ఇదే మనిషి, కాంక్రీటులో నీళ్ళు ఎక్కువైతే బలం ఎందుకు తగ్గుతుందో ఆమె దగ్గర నేర్చుకుని పరీక్ష రాశాడు. అది గుర్తుచేద్దామనుకుంది. కానీ తప్పు చేసినవాళ్ళకి ఎదుటివాళ్ళ మార్కులు గుర్తుచేసే హక్కు ఉండదనిపించి, గిన్నెలు బోర్లించింది.

క్యూబుల పరీక్ష ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. రాకేం చేస్తుంది? అవి ఆమె దగ్గరుండి పోయించినవి, మంచి లారీవి. సైటంతా సంబరపడింది. స్లాబుకి కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ విప్పే రోజు ఖాయం చేశారు. పెద్దసారు అందరి ముందూ "శెభాష్ అమ్మా" అన్నారు. ఆ శెభాష్ ఆమెకి చెంపదెబ్బలా తగిలింది. సెంట్రింగ్ తీసేశాక ఆ వరండా కిందనుంచే పిల్లలు బళ్ళోకి వెళ్తారు, వానొస్తే దానికిందే గుంపుగా నిలబడతారు. రోజూ చెబుదామనుకునేది. రోజూ 'బాత్రూం' అన్న ఒక్క మాట దగ్గర ఆగిపోయేది. ఒక స్లాబు పడిపోవచ్చునని తెలిసి, ఒక మాట అనడానికి సిగ్గుపడుతున్న తనని తలచుకుంటే ఆమెకి అసహ్యమేసింది.

సెంట్రింగ్ విప్పడానికి ముందురోజు సాయంత్రం సీసాలు కడుగుదామని కూతురి బడి సంచి తెరిచింది. గులాబీ సీసా బరువుగా ఉంది. మూత తీసి చూస్తే, పొద్దున తాను పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి.

"ఏంటి చిట్టీ, ఒక్క గుక్క కూడా తాగలేదు?"

"మా బళ్ళో బాత్రూం చండాలంగా ఉంటుందమ్మా. తాగితే వెళ్ళాల్సొస్తుంది." చిట్టి ఆమె సీసా వైపు వేలు చూపించింది. "నువ్వూ తాగవుగా! నేను కూడా సాయంత్రం దాకా ఉండగలను తెలుసా? మా క్లాసులో అందరికన్నా ఎక్కువసేపు."

పిల్ల మొహంలో గర్వం. ముందుగదిలోంచి అత్తగారు మురిసిపోయారు. "ఆడపిల్లన్నాక ఆ మాత్రం ఓర్పుండాలి. నా మనవరాలు బంగారం."

ఆమె ఆ సీసాని గట్టు మీద తన సీసా పక్కన పెట్టింది. సర్వే క్యాంపులో సీనియరు తనకి నోటితో చెప్పింది. తను కూతురికి నోరు తెరిచి చెప్పనుకూడా లేదు. ఇన్నాళ్ళూ సిగ్గుపడాల్సినవాటికి సిగ్గుపడకుండా, పడనక్కర్లేని దానికి చచ్చేంత సిగ్గుపడ్డానని ఆమెకి అర్థమైంది, అర్థమవడానికి ఇంత చిన్న పిల్ల ఎండిన పెదాలు చూడాల్సొచ్చినందుకు మళ్ళీ సిగ్గేసింది. గ్లాసులో నీళ్ళు పోసి చిట్టిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తాగించింది.

మర్నాడు రేకుల షెడ్డులో అందరూ బల్ల చుట్టూ చేరారు. పెద్దసారు టీ తాగుతూ, "మరి వరండా వైపునుంచి మొదలుపెట్టండి" అన్నారు.

"వరండాది తీయొద్దు సార్" అంది ఆమె. "ఆ భాగంలో పోసిన లారీలో నీళ్ళు కలిశాయి. మనం పరీక్షించిన క్యూబులు దానికి ముందు లారీవి. స్లాబులోంచే ముక్క కోయించి బలం చూడాలి. చాలకపోతే పగలగొట్టాలి."

అర్జంటు గయ్యిమన్నాడు. "అదేంటి మేడమ్, మీరు అక్కడే ఉన్నానన్నారుగా!"

"అబద్ధం చెప్పాను." చెవులు కాలిపోతున్నట్టున్నాయి. "నేను సైట్లో లేను. పెట్రోలు బంకులో బాత్రూంకి వెళ్ళాను."

షెడ్డులో ఒకాయన ఫోను తీశాడు. ఇంకొకాయన పైకప్పు రేకులు చూడసాగాడు. పెద్దసారు గ్లాసు కింద పెట్టి ఇబ్బందిగా దగ్గారు. "సరే సరే, అవన్నీ ఇప్పుడెందుకమ్మా. పని ఆపుదాం, ముక్క కోయించి చూద్దాం. అబద్ధం చెప్పినందుకు మీ మీద పైకి రాయక తప్పదు."

"రాయండి సార్. అది నా తప్పే."

"ఇకముందు మాత్రం స్లాబ్ వేసే రోజున ఇంజనీరు కదలడానికి వీల్లేదు. ఆడవాళ్ళన్నాక అలాంటివన్నీ ఇంటి దగ్గరే చూసుకుని రావాలి మరి."

బల్ల మీద ఆమె సీసా ఉంది, ఎప్పటిలాగే నిండుగా. ఆమె దాని మూత తీసింది. అందరూ చూస్తుండగా, రెండు చేతులతో పట్టుకుని, ఆగకుండా అడుగంటా తాగింది. కొన్ని నీళ్ళు గడ్డం మీంచి కారి చొక్కా తడిసింది. ఖాళీ సీసా పెద్దసారు ముందు పెట్టింది.

"ఇంకాసేపట్లో నేను వెళ్ళాలి సార్" అంది. "ఎక్కడికి వెళ్ళమంటారో చెప్పండి."