నాలుగు మూలల తూకం

ఆవిడ పని త్రాసుల్ని అనుమానించడం. ఆ పనికి ప్రభుత్వం జీతమిస్తుంది. పొద్దున్నే చెక్కపెట్టెలో ఇత్తడి తూకపురాళ్ళు పెట్టుకుని బయల్దేరుతుంది. మాంసం కొట్టు, మేకుల కొట్టు, నగల కొట్టు, దేన్నీ వదలదు. బజారులో ఆవిడని రాళ్ళ మేడమ్ అంటారు. ఎదురుగా మాత్రం అనరు.

ఆవిడకో పద్ధతుంది. ముందు ఖాళీ పళ్ళెం మీద ముల్లు సున్నా దగ్గర నిలవాలి. తర్వాత గుడ్డతో పట్టుకున్న రాయిని పళ్ళెం మధ్యలో పెడుతుంది. చేతి చెమట కూడా బరువే కాబట్టి గుడ్డ. ఆ తర్వాత అదే రాయిని నాలుగు మూలలకూ జరుపుతుంది. ఎక్కడ పెట్టినా ఒకటే తూకం రావాలి. రాకపోతే ఎర్ర సీలు పడుతుంది. దుకాణదారు కాళ్ళావేళ్ళా పడినా ఆ సీలు ఊడదు.

అలాంటి మనిషి తన కూతుర్ని మాత్రం ఒక కాగితం మీద తూయించుకుని ఇంటికొచ్చింది.

కూతురికి తొమ్మిదేళ్ళు. ఒకచోట నిలవదని తాతయ్య బొంగరం అని పిలుస్తాడు. తండ్రి సరుకుల లారీ మీద వారానికి ఐదురోజులు బయటే ఉంటాడు. అందుకే స్కూలు నుంచి కబురొచ్చినప్పుడు తల్లే వెళ్ళింది.

“మీ అమ్మాయితో నా తల ప్రాణం తోకకొస్తోందండీ,” అంది క్లాసు టీచరు.

“ఏం చేస్తోంది?”

“అడుగుతోందండీ.”

“ఏమడుగుతోంది?”

“అన్నీనూ. మొన్న గ్రహాల పాఠం చెప్తుంటే లేచి నిలబడి, భూమిని ఎవరు తూశారు, ఏ పళ్ళెంలో పెట్టారు అంది. క్లాసంతా ఒకటే నవ్వు. పావుగంట పాఠం పోయింది.”

“మీరేం చెప్పారు?”

“కూర్చోమన్నాను.”

టీచరు అప్పటికే ఒక ఫారం నింపి పెట్టింది. అందులో పద్దెనిమిది ప్రశ్నలు. కాళ్ళూ చేతులూ కదుపుతుందా, అడగడం పూర్తికాకముందే జవాబు చెప్తుందా, తన వంతు వచ్చేదాకా ఆగలేదా, ఇలాంటివి. ఒక్కో ప్రశ్నకీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం యాభై నాలుగు. ముప్ఫై దాటితే జబ్బు. టీచరు లెక్కలో బొంగరానికి నలభై ఆరొచ్చాయి. ఆ పిల్లకి ఏ పరీక్షలోనూ అంత శాతం రాలేదు.

తల్లి నింపాల్సిన ఫారం టీచరు పంపిన డాక్టరు గారి ఆసుపత్రిలో ఇచ్చారు. ఆ రోజు ఆవిడ పదకొండు దుకాణాలు తిరిగి, ఒక పచారీ కొట్టువాడి చేత తిట్లు తిని వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడే, పిల్ల సంచీ పట్టుకుని లాగుతుంటే, నాలుగు నిమిషాల్లో టిక్కులు కొట్టేసింది. నలభై ఒకటి.

డాక్టరు గారు రెండు ఫారాలూ చూశారు. పిల్లని చూడ్డానికి టైము చిక్కలేదు. ఏడో నిమిషంలో చీటీ రాసిచ్చారు. రాసిన కలం మీద ఆ మాత్ర పేరే ఉంది. గోడ క్యాలెండరు మీద అదే పేరు. ఫారం అడుగున చిన్నక్షరాల్లో ఆ మాత్ర తయారుచేసే కంపెనీ పేరు. త్రాసు ఇచ్చినవాడే సరుకూ అమ్ముతున్నాడని తెలిస్తే ఆవిడ ఆ దుకాణంలోంచి సాయంత్రం దాకా కదిలేది కాదు. ఆ రోజు చీటీ మడిచి సంచీలో పెట్టుకుని లేచింది.

మాత్ర పనిచేసింది. మూడు వారాలు తిరక్కముందే టీచరు ఫోను చేసింది. “పిల్ల బంగారం అయిపోయిందండీ! ఉందో లేదో కూడా తెలియడం లేదు.”

ఇంట్లోనూ తెలియడం లేదు. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. రాత్రి కళ్ళు తెరుచుకునే పడుకుంటోంది. అడగడం మానేసింది. సెలవురోజున తల్లి రాళ్ళు తుడుచుకుంటుంటే పక్కన చేరి, “ఈ రాయిని ఎవరు తూస్తారు? ఆ తూసిన రాయిని ఎవరు తూస్తారు? చివరి రాయిని?” అని ప్రాణం తీసే పిల్ల, ఇప్పుడు గుడ్డ అందించి ఊరుకుంటోంది.

“అమ్మాయ్, ఇంట్లో ఎవరో పోయినట్టుందే,” అన్నాడు మావగారు.

“డాక్టరు గారు చెప్పారు కదా మావయ్యా.”

“దుకాణదారు చెప్పాడని నువ్వు ఏ త్రాసైనా నమ్మావా?”

ఆవిడ చేతిలో కిలోరాయి అలాగే ఉండిపోయింది. కౌంటరు, నాలుగు నిమిషాలు, పచారీ కొట్టువాడి తిట్లు, అన్నీ గుర్తొచ్చాయి. ముల్లు సున్నాకి రాకముందే తూకం వేసింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఏ ఉల్లిపాయల బస్తాకీ చెయ్యని అన్యాయం కన్నకూతురికి చేసింది.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఖాళీ ఫారం తెచ్చి జిరాక్సులు తీయించింది. “మాత్రకి ముందు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని నింపండి,” అని ఆటల మాస్టారికి ఒకటి, బొమ్మలు నేర్పే టీచరుకి ఒకటి ఇచ్చింది. ఆటల మాస్టారు ఎనిమిది వేశాడు. “మీ పిల్ల కదుల్తుందా అని అడుగుతున్నారేంటి మేడమ్? కదలనివాళ్ళతోనే నాకు గొడవ,” అన్నాడు. బొమ్మల టీచరు పది వేసింది. ఆదివారం పొద్దున నిద్ర తీరాక, మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూర్చుని తల్లి తనూ ఒకటి నింపింది. పదమూడు.

మావగారు అడక్కుండానే నింపి తెచ్చాడు. పద్దెనిమిది సున్నాలు. కింద ‘నా మనవరాలి జోలికొస్తే ఊరుకోను’ అని సంతకం.

“మీది చెల్లదు మావయ్యా. పళ్ళెం కింద వేలు పెట్టారు,” అని పక్కన పడేసింది.

తర్వాతి వారం డాక్టరు గారు పాత కాగితాలు తిరగేస్తూ, “గుడ్. మాత్ర రెట్టింపు చేద్దాం. నిద్ర పట్టడం లేదంటున్నారు కాబట్టి దానికింకోటి రాస్తాను,” అన్నారు.

“ఆకలి కూడా లేదండి.”

“దానికీ ఉంది.”

ఆవిడ ఆయన ముందున్న రెండు ఫారాల పక్కనే తను తెచ్చినవీ వరసగా పేర్చింది. “ఇది క్లాసు టీచరు, నలభై ఆరు. ఇది ఆటల మాస్టారు, ఎనిమిది. ఇది బొమ్మల టీచరు, పది. ఇది నేను, పదమూడు. ఇదీ నేనే, నలభై ఒకటి. ఒకటే పిల్లండి. ఒకే రాయి మూలకో తూకం చూపిస్తే తప్పు రాయిదా, త్రాసుదా?”

డాక్టరు గారు నవ్వారు. “అలా కాదమ్మా. కొన్ని జబ్బులు కొన్ని చోట్లే బయటపడతాయి. మీ అమ్మాయిది క్లాసులో బయటపడుతోంది.”

“అయితే మాత్ర క్లాసుకి వెయ్యండి.”

ఆయన నవ్వు సగంలో ఆగింది. “మీరు చదువుకున్నవాళ్ళలా ఉన్నారు. ఈ మాత్రతో బాగుపడ్డ పిల్లలు నా దగ్గర ఎంతమంది ఉన్నారో తెలుసా?”

“ఉంటారండి. త్రాసులే వద్దని నేననడం లేదు, నా బతుకే త్రాసులు. తూసేముందు ఒకసారి రాయిని చూడమంటున్నాను.”

డాక్టరు గారు కలం కింద పెట్టారు. నెలకి పైగా తన దగ్గరికి తిరుగుతున్న పిల్లవైపు మొదటిసారి కుర్చీ తిప్పారు. “ఏమ్మా, నీకేమనిపిస్తోంది?”

పిల్ల తల్లివైపు చూసింది. తర్వాత పైకి చూసింది.

“మీ ఫ్యానుకి ఒక రెక్క వంగింది. తిరిగినప్పుడల్లా టిక్కుమంటోంది. మీకు వినిపించదా?”

ఆయన తలెత్తి చూశారు. ఆరేళ్ళుగా ఆయన ఆ ఫ్యాను కిందే కూర్చుంటున్నారు. టిక్కు. టిక్కు. రెక్క వంగే ఉంది.

రెట్టింపు మాట కొట్టేశారు. పాత మాత్ర కూడా మెల్లగా తగ్గిస్తూ ఆపేసి, నెల తర్వాత పిల్లని మళ్ళీ తీసుకురమ్మన్నారు. “అప్పుడూ ఫారమేనా అండి?” అంది ఆవిడ. “కాదు. మాట్లాడతాను,” అన్నారాయన. తన కాగితాల మీద మాత్రం, ఎందుకైనా మంచిదని, ‘తల్లి వాదించును’ అని రాసుకున్నారు.

పదిహేను రోజులకి స్కూలు నుంచి ఉత్తరం తెచ్చింది బొంగరం. సంచీ విసిరేసి, “తినడానికేముంది?” అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. ఉత్తరంలో టీచరు ఇలా రాసింది: ‘మీ అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. లెక్కల క్లాసులో ఈరోజు ఏడు ప్రశ్నలు అడిగింది. రెండింటికి నా దగ్గర జవాబు లేదు. తగు చర్య తీసుకోగలరు.’

ఆవిడ వెంటనే ఏమీ చెయ్యలేదు. కాళ్ళు కడుక్కుంది. మంచినీళ్ళు తాగింది. కుర్చీలో కూర్చుని ఉత్తరం మళ్ళీ చదివింది. తర్వాత చెక్కపెట్టె తెరిచి, పాసైన త్రాసులకి వేసే ముద్ర తీసి, టీచరు సంతకం పక్కనే గట్టిగా ఒత్తింది. ‘తనిఖీ అయినది. సరిగా ఉన్నది.’

మావగారు కళ్ళజోడు సవరించుకున్నాడు. “ప్రభుత్వం ముద్ర ఇంటి పనికి వాడొచ్చా అమ్మాయ్?”

“తూకం చూసే వేశాను మావయ్యా,” అంది ఆవిడ, సిరా ఆరేదాకా ఊదుతూ.