ఆరు పాయింట్ ఎనిమిది

డాక్టర్ కనకలక్ష్మి మందుల చీటీ వెనక బేరిపండులాంటి బొమ్మ గీసి, లోపల నిమ్మకాయంత గుండ్రం నింపింది.

"ఇదీ మీ గడ్డ. పదకొండు నెలలుగా రక్తం పోతున్నది దీనివల్లే. గర్భసంచి తీయక్కర్లేదు, గడ్డ ఒక్కటీ తీస్తే చాలు. కానీ ఒంట్లో రక్తం లేకుండా నేను కత్తి పట్టలేను."

రక్తనిధిలో నా గ్రూపు సీసాలు రెండే ఉన్నాయని చెప్పింది. సకల జనుల సమ్మె మొదలయ్యాక మూడు వారాలుగా రక్తదాన శిబిరాలు జరగలేదు. నాలుగింటిదాకా ఆ రెండూ నా పేరు మీద ఆపి ఉంచుతారు. ఇవాళ చేరితే రక్తం ఎక్కించి, ఎల్లుండి పొద్దున ఆపరేషన్.

"నాలుగు దాటితే ఇంకెవరికో ఇచ్చేస్తారమ్మా. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేను. కిందికెళ్లి అడ్మిట్ అవండి."

"సరే" అన్నాను. గోడ గడియారంలో ఒకటిన్నర. భయం వేయాలి, లేదా ఊరట కలగాలి. రెండూ రాలేదు. ఎవరికో రాసిన ఉత్తరం పొరపాటున నా చేతికొస్తే చదివి మడిచినట్టు ఆ చీటీని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఈ పదకొండు నెలల్లో నేను చూపించుకున్న నాలుగో డాక్టరు ఈమె. మాదాపూర్‌లో మా ఆఫీసు డాక్టరు ఐరన్ మాత్రలు రాశాడు. గచ్చిబౌలి ఆయన, "ఐటీ కదా, టెన్షన్" అన్నాడు. మణికొండలో మా వీధి చివరి ఆమె, రెండో కాన్పయితే అదే సర్దుకుంటుందంది. ఎవరూ కసురుకోలేదు. అందరూ నవ్వుతూనే చెప్పారు. నేను నల్ల చున్నీలు కొనుక్కున్నాను. మీటింగుల్లో అందరికంటే ఆఖరున లేచేదాన్ని, కుర్చీ చూసుకోవడానికి. మెట్లెక్కుతుంటే కళ్లు చీకట్లు కమ్మేవి. ఫోన్ చూస్తున్నట్టు నిలబడేదాన్ని. అలా నిలబడడం నాకు ఎంత బాగా వచ్చిందంటే, చివరికి నిజంగానే ఫోన్ చూసేదాన్ని.

కింద కౌంటర్‌లో ఇరవై రెండేళ్ల అమ్మాయి. బ్యాడ్జీ మీద మౌనిక అని ఉంది. డాక్టరు రాసింది చదివి, రక్తం తీసే ఆమెను పిలిచి పరీక్షకు నా రక్తం అక్కడే తీయించి, కాగితాలు ముందుకు తోసింది. అన్నింటి మీదా సంతకం చేశాను.

"మీ సారు ఏడి మేడం?"

"ఊళ్లో లేడు."

"గిక్కడ సారు సంతకం గావాలె."

"నాది ఉంది కదా."

"మీది ఉంటది మేడం. సారుది సుత ఉండాలె. మీకు మీరే ఎట్ల పెట్టుకుంటరు?"

మా ఆయన సురేంద్ర ఆఫీసు పని మీద నంద్యాల వెళ్లి ఐదు రోజులైంది. అతని సొంతూరు పక్కనే. ఫోన్ చేశాను.

"యాడొచ్చేది రేఖా? బస్సుల్లేవు, రైళ్లు నిలిపేసినారు. కారు మాట్లాడితే కర్నూలు దాటి రానంటాండాడు. మీవోళ్ల పుణ్యమా అని ఈడ్నే కూచున్నా."

"మావాళ్లా?"

"ఊరికే అంటిలే. తెలంగాణ వచ్చినాక నువ్వే తెప్పిద్దువు నాకు వీసా." నవ్వాడు. తర్వాత, "నాలుగు దినాలాగు. నేనొచ్చినాక చేపిద్దాం. ఇన్ని నెలలు ఆగినావు గదా."

చెడ్డవాడు కాదు. తలనొప్పి వస్తే అమృతాంజనం రాస్తాడు. నేను ఆగగలనని అతనికి నేర్పింది నేనే. ఫోన్ మౌనికకిచ్చాను.

"ఒప్పుకున్నా అని రాసుకోమ్మా" అనడం నాక్కూడా వినిపించింది.

"ఫోన్ల మీరు ఒప్పుకుంటరు సార్, కంప్యూటర్ ఒప్పుకోదు." ఫోన్ తిరిగిచ్చింది. "నాయిన లేడా మేడం? అన్నదమ్ములు?"

"నాన్న పోయి ఆరేళ్లు. అన్నదమ్ముల్లేరు."

"అయ్యో. కొడుకు?"

"ఒకటో తరగతి."

ఆ మాటకు ఆమె నిజంగానే ఆలోచించింది. "వద్దు లెండి, మరీ చిన్నోడు" అంది.

రెండూ పది. ఆమె మూడుసార్లు ప్రయత్నించి, నమ్మనేమోనని తెరను నా వైపు తిప్పింది. సంరక్షకుడి గడి చుట్టూ ఎర్రగీత. కింద బూడిదరంగు బొత్తాలు, కుడిచేతి పక్క అనవసరంగా ఇరుకైన అంచు. ఆ అంచు గురించి రెండేళ్ల కిందట నేను ఫిర్యాదు రాశాను. ఎవరూ సరిచేయలేదు.

ఈ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించింది మా బృందమే. చేరిక విభాగం నాది. నా పరీక్షల పట్టికలో ఈ గడి గురించి రాసిన వరస ఉన్నదున్నట్టు గుర్తొచ్చింది. రోగి: స్త్రీ, పెళ్లయింది. సంరక్షకుడి సంతకం: లేదు. రావలసిన ఫలితం: చేర్చుకోకూడదు. వచ్చిన ఫలితం: చేర్చుకోలేదు. పాస్. పక్క గడికి ఆకుపచ్చ రంగు వేసి, తర్వాతి వరసకెళ్లాను. రోగి: పురుషుడు. సంరక్షకుడి సంతకం: లేదు. రావలసిన ఫలితం: చేర్చుకోవాలి. అదీ పాస్.

రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నేను చూడలేదని చెప్పలేను. చూశాను. ఆసుపత్రివాళ్లు అలాగే అడిగారు, అది అలాగే పనిచేసింది. అడిగినట్టు పనిచేయడమే నా ఉద్యోగంలో సరి అనే మాటకు అర్థం. ఆ రోజు రెండు వందల పద్నాలుగు వరసలు పూర్తిచేశానని మేనేజరు మెచ్చుకున్నాడు.

ఇప్పుడు సిగ్గు కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను. చేతి మీద సూది గుచ్చిన చోట దూది జారిపోతే నొక్కిపట్టుకున్నాను. అంతే.

"మౌనికా, ఆడ అని ఉన్నచోట మగ అని పెట్టు."

"ఏంది మేడం?"

"మగ అని పెట్టు. సంతకం అడగదు."

"జోకులా మేడం? గర్భసంచి ఆపరేషన్ మగోళ్లకు ఎట్ల తీస్కుంటది?"

"తీసుకుంటుంది. ఆ రెండూ కలిపి ఎవరూ పరీక్షించలేదు."

"మీకెట్ల ఎరుక?"

"పరీక్షించాల్సింది నేనే."

ఆమె నన్నూ తెరనూ మార్చి మార్చి చూసింది. "నా నౌకరి పోతది మేడం."

"చేర్చుకునేటప్పుడే అడుగుతుంది. చేరాక తిరిగి ఆడ అని మార్చు. అప్పుడు అడగదు. ఐదు నిమిషాల పని."

మౌనిక పక్క కౌంటర్ వైపు చూసింది. అక్కడి అమ్మాయి సమ్మె వల్ల రాలేకపోయింది, కుర్చీ ఖాళీ. "మా అక్కకు గిట్లనే అయింది మేడం" అంది మెల్లగా. ఏమైందో చెప్పలేదు. కీబోర్డు మీద రెండు దెబ్బలు. ఎర్రగీత పోయింది. ప్రింటర్ నా పేరున్న పట్టీని బయటికి తోసింది. రేఖ, ముప్పై నాలుగు, పురుషుడు. తిరిగి మార్చబోతుండగా ఆమె ఫోన్ మోగింది.

విని, ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది. "డ్యూటీ డాక్టర్ దినేష్ సారు. మీ రక్తం రిపోర్టు చూసిండట. ఆగమాగం చేస్తుండు."

ఫోన్‌లో అరుపు నాదాకా వచ్చింది. "ముప్పై నాలుగేళ్ల మగ మనిషికి హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిదేంటి? అతన్ని కౌంటర్ దగ్గర నిలబెట్టారా? ఎక్కడ పోతోంది రక్తం, ఎవరైనా అడిగారా? కదలనివ్వకండి, వస్తున్నా."

రెండు నిమిషాల్లో వచ్చాడు. వెనకే ఇద్దరు నర్సులు, స్ట్రెచర్. పరుగులాంటి నడక. నా వెనకా, స్తంభం పక్కనా వెతికాడు.

"పేషెంటేడి?"

"నేనే."

చేతిలోని కాగితం చూశాడు. మౌనిక చూపు దించుకుంది. సంతకం సంగతి నేనే చెప్పాను, మూడు వాక్యాల్లో. అతను కనకలక్ష్మికి ఫోన్ చేశాడు. దూరంగా జరిగి మాట్లాడాడు. "చేరిపోయారు మేడం... సంతకం ఆవిడదే ఉంది... సరే మేడం, రక్తం ఎక్కించేస్తాను."

తిరిగొచ్చి, "ముందు రికార్డు సరిచేయమ్మా" అన్నాడు. మౌనిక సరిచేసింది. నేను చెప్పినట్టే, ఏమీ అడగలేదు. కొత్త పట్టీ వచ్చింది. దినేష్ దాన్ని స్వయంగా నా మణికట్టుకు చుట్టాడు.

"కడుపులో పుండు పగిలిందేమో అనుకున్నానండి. ఎండోస్కోపీ వాళ్లను కూడా లేపాను" అన్నాడు నవ్వుతూ. అతని భుజాలు కిందికి దిగాయి. ఊపిరి కూడా నెమ్మదించింది. "పీరియడ్స్ వల్లే కదా. మరేం పర్లేదు." నర్సుల వైపు తిరిగి, "స్ట్రెచర్ తీసుకెళ్లండి" అన్నాడు. "మూడో అంతస్తండీ. నడవగలరు కదా?"

రెండూ నలభై. సీసాలు నావే. ఆపరేషన్ ఎల్లుండి అవుతుంది. లిఫ్టు ఇరవై అడుగుల దూరంలో ఉంది. నేను నడవగలను. పొద్దున బస్సుల్లేక షేర్ ఆటో దిగి కిలోమీటరు నడిచే వచ్చాను.

"లేను" అన్నాను.

అతను నన్ను చూశాడు. ఇందాక కాగితాన్ని చూసినట్టు.

"ఆరు పాయింట్ ఎనిమిది" అన్నాను. "నడవలేను."

తలుపు దాకా వెళ్లిన స్ట్రెచర్‌ను నర్సులు వెనక్కి తిప్పారు. చెప్పులు విడిచి దాని మీద పడుకున్నాను. రెగ్జిన్ చల్లగా ఉంది.