కలకత్తాకు గాలిదారి

కలకత్తా నుంచి తంతి వచ్చేసరికి భారతమ్మ చిత్తూరు పక్కన తన చెరుకుతోటకు నీళ్లు కడుతోంది. నిండు నెలల చెల్లెలు పంకజాక్షికి రక్తం పోతోందని, వెంటనే రమ్మని కబురు. తల్లి పోయాక ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది భారతమ్మే. మొగుడు పోయినా సేద్యం విడవని మనిషి. కాళ్లకంటిన బురదతోనే బావ ఏకాంబరం ఇంటికి నడిచింది.

“కలకత్తాకు రైల్లో ఎన్నాళ్లు బావా?”

“మద్రాసులో ఎక్కితే రెండు రాత్రులు.”

“ఇమానంలో?”

ఏకాంబరం ఉలిక్కిపడ్డాడు. మద్రాసులో వ్యాపారం చేసినవాడు కాబట్టి అతనికి ఆ సంగతి తెలుసు.

“గాలిదారిన ఎనిమిదినూర్ల మైళ్ల పైమాటే. పొద్దున ఎక్కితే సాయంకాలంలోపల దించుతారంట. అయినా ఒంటి ఆడదానివి, అంతెత్తున యాడ పోతావమ్మా? పడితే ఎముక కూడా దొరకదు.”

“నేను రైల్లో కూసోనుంటే ఆడ దాని పానం ఆగుతుందా? టిక్కెట్టు సంగతి సూడు బావా.”

ఆ గొంతు విన్నాక అతను రాత్రికే ఆమెను మద్రాసుకు తీసుకెళ్లాడు. మర్నాడు అక్కడి మీనంబాకంలో విమానం ఎక్కించాడు. నేల జారిపోతుంటే భారతమ్మ కళ్లు గట్టిగా మూసుకుని గోవిందనామం అందుకుంది.

మధ్యలో విశాఖపట్నంలో దిగగానే గాలివాన పట్టుకుంది. ఇవాళ విమానం కదలదన్నారు. తక్కినవాళ్లంతా సాయంకాలం రైలు కోసం వాల్తేరు స్టేషనుకు బయల్దేరారు. భారతమ్మ అక్కడి గుమాస్తాను ఆపింది.

“ఈడనుంచి కలకత్తా ఎంతసేపయ్యా?”

“రైలు చేరేసరికి రేపు మధ్యాహ్నం దాటుతుంది. విమానానికి మూడు గంటలు చాలు. కానీ వాన వెలవాలి కదమ్మా. వెలవకపోతే రైలూ పోతుంది, విమానమూ ఉండదు.”

ఆమె బయటికొచ్చి ఆకాశం చూసింది. ఎంత చూసినా ధైర్యం చిక్కలేదు. పొద్దున్నే ఎగిరితే మాత్రం రైలుకంటే ముందు చేరొచ్చు. అంతే, మూట పక్కన పెట్టుకుని బల్లమీద కూర్చుంది.

తెల్లవారేసరికి వాన వెలిసింది. రైలు ఇంకా దారిలో ఉండగానే భారతమ్మ కలకత్తా ఆసుపత్రి మెట్లెక్కింది. చెల్లెలి మొగుడు రామచంద్ర ఎదురొచ్చాడు.

“కడుపు కోసి బిడ్డను తియ్యాలంటున్నారు వదినా. మీరొచ్చేదాకా ఒప్పుకోనని కూర్చుంది. మళ్లీ రక్తం పోతే ఇక కష్టమట.”

మంచంమీద పంకజాక్షి పాలిపోయి ఉంది. “రెండు దినాలకే, ఇంత బిన్నే ఎట్లొచ్చినావక్కా?”

“ఎగిరొచ్చినాను. ఇంక నా మాట ఇను. డాక్టరమ్మను కొయ్యనీ.”

“నేను సచ్చిపోతే?”

“సావనిస్తానా? ఈ వాకిలి దాటి యాడికీ పోను, పో.”

పంకజాక్షి అక్క వేళ్లు గట్టిగా పట్టుకుని, సరేనన్నట్టు తలూపింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆడపిల్ల అని నర్సు బిడ్డను చూపించబోయింది. భారతమ్మ అటు చూడనైనా లేదు.

“దాని అమ్మ ఎట్లుండాది? ముందు అది చెప్పు తల్లీ.”

ఆ మాట రామచంద్ర బెంగాలీలో అడిగాడు. బాగుందని నర్సు నవ్వింది. అప్పుడు భారతమ్మ గోడకు జారగిలబడి, తంతి వచ్చినప్పటి నుంచి ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.