మెనూలో మొదటి వరస

లిఫ్టాయన అంటే లిఫ్టులు బాగుచేసే మనిషి. ఆయన భార్యని చుట్టుపక్కల వాళ్ళు టేపమ్మ అంటారు. కొలతల టేపు ఆమె మెడలోంచి దిగగా చూసినవాళ్ళు లేరు. ఒక కుట్టు వర్క్‌షాపుకి ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద నమూనాలు గీసి పంపుతుంది. నర్సుల కోట్లు, డ్రైవర్ల చొక్కాలు, అలాంటివి. ఇంట్లో ఉన్నది ఒక్కటే కంప్యూటర్. కుట్టుమిషనుకీ కిటికీకీ మధ్య ఇరుక్కుని ఏడేళ్ళుగా పనిచేస్తోంది.

అది నెమ్మదించిందని మొదట అన్నది టేపమ్మే. నోరు మూసుకుని ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకుంది.

లిఫ్టాయనతో పనిచేసే ఒకాయన, నలభై దాటినవాడు, మెడలో ఒక పెన్‌డ్రైవ్, చొక్కా జేబులో ఇంకొకటి పెట్టుకుని తిరుగుతాడు. అందుకని అందరికీ ఆయన పెన్‌డ్రైవే. "పాత సిస్టమ్‌ని కదిలించక్కర్లేదన్నా. దాని పక్కనే లైనక్స్ అని ఇంకో సిస్టమ్ వేసుకో. ఎంత ముసలి మెషీనైనా లేచి కూర్చుంటుంది" అని ఆయన చెప్పగానే లిఫ్టాయన చేతులు దురదపెట్టాయి.

ఆదివారం పొద్దున్న పని మొదలైంది.

"నా నమూనాలు పోవు కదా?" అంది టేపమ్మ వెనక నిలబడి.

"ఒక్క గీత పోదు. పాతది పాతదే, కొత్తది కొత్తదే. ఇల్లు ఒకటే, గదులు రెండు."

నిజంగానే ఒక్క గీత కూడా పోలేదు. మధ్యాహ్నానికి కొత్త సిస్టమ్ వచ్చి కూర్చుంది. కాకపోతే ఇప్పుడు మెషీన్ ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద మూడు వరసలు కనిపిస్తున్నాయి. మొదటిది కొత్త సిస్టమ్. రెండోది ఆ కొత్తదాని తాలూకు అదనపు అవకాశాలు. పాత సిస్టమ్ మూడోది. పది సెకన్లలోపు ఎవరూ ఏమీ నొక్కకపోతే మొదటి వరసే తెరుచుకుంటుంది.

టేపమ్మకి బటన్ నొక్కి వేరే పని చూసుకోవడం ఏడేళ్ళ అలవాటు. నొక్కి, గుడ్డ మడతపెట్టి వచ్చేసరికి కొత్త సిస్టమ్ తెరుచుకుని ఉండేది. మళ్ళీ ఆపి, మళ్ళీ నొక్కి, ఈసారి గుమ్మంలో ఎవరో పిలిచారని వెళ్ళొచ్చేసరికి మళ్ళీ అదే.

"పది సెకన్లు నిలబడలేవా?" అన్నాడు లిఫ్టాయన.

"లిఫ్టు రావడానికి పది సెకన్లు పడితే బటన్ విరగ్గొట్టేస్తారు జనం అని రోజూ తిట్టేది మీరేగా? ఆ జనంలో నేనూ ఉన్నాను."

"అసలు పాతదానిలోకి ఎందుకు వెళ్ళడం? నీ పనంతా ఇందులోనే చేసుకోవచ్చు."

సరేనని ఆమె ఒక రోజు కొత్తదాంట్లో నర్సు కోటు నమూనా ప్రింటు తీసి వర్క్‌షాపుకి పంపింది. రెండు రోజులకి ఫోనొచ్చింది. కోటు బొత్తాలు పడటం లేదట. ఆమె ఇంకో ప్రింటు తీసి, నమూనా మూలలో సరిచూసుకోడానికి ఎప్పుడూ గీసే పది సెంటీమీటర్ల చతురస్రం మీద టేపు పెట్టి చూసింది. తొమ్మిది పాయింట్ ఏడే ఉంది.

"నర్సులు ఒళ్ళు చేశారేమో" అన్నాడు లిఫ్టాయన, స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ.

ఆ మాటతో టేపమ్మకి పట్టుదల వచ్చింది. మూడో వరసని మొదటికి తేవాలి. మొగుణ్ణి అడిగితే "అది కుదరదు, దాని స్వభావమే అంత" అన్నాడు, తనకి తెలియదని చెప్పడం ఇష్టం లేక. ఆమె పెన్‌డ్రైవ్‌కి ఫోన్ చేసింది.

"కుదరకేం వదినా, ఒక ఫైల్లో ఒక అంకె మార్చాలి, అంతే. కానీ ఆ ఫైలు కొత్తదాంట్లోకి వెళ్ళే మార్చాలి."

"అంటే దాన్ని వెనక్కి నెట్టడానికి దాంట్లోకే వెళ్ళాలా?"

"అంతే వదినా."

మర్నాడు లిఫ్టాయన పనికి వెళ్ళగానే ఆమె కొత్త సిస్టమ్‌లో ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ తెరిచి కూర్చుంది. ఫైలు దొరికింది. అంకె మూడు అని మార్చింది. ఏమీ జరగలేదు. మార్చాక ఇంకో ఆజ్ఞ ఇస్తేనే మెనూ కొత్తగా తయారవుతుందని పెన్‌డ్రైవ్ చెప్పడం మర్చిపోయాడు. అదీ ఇచ్చింది. అయినా మొదటి వరసే. గంట తరవాత తెలిసింది, ఆ ఫైల్లో లెక్క సున్నా నుంచి మొదలవుతుందని.

"ఇది ముందే చెప్పి చావొచ్చుగా? టేపు కూడా సున్నా నుంచే మొదలవుతుంది" అని తెరతోనే చెప్పి, రెండు అని మార్చింది. పాత సిస్టమ్ దానంతట అదే తెరుచుకుంది.

సాయంత్రం లిఫ్టాయన బటన్ నొక్కి, కాళ్ళు కడుక్కుని వచ్చి చూస్తే పాత సిస్టమ్. భార్యకి తెలిసి ఉంటుందన్న ఆలోచనే ఆయనకి రాలేదు. ఏదో పాడైందనుకుని ఇంటర్నెట్టంతా గాలించి, అంకె సున్నాకి మార్చాడు. పొద్దున్న ఆమె మళ్ళీ రెండు చేసింది. మూడో రోజుకి ఇద్దరికీ విషయం అర్థమైంది. ఒకరినొకరు అడగలేదు. భోజనాల దగ్గర వానల గురించి మాట్లాడుకున్నారు.

రెండు వారాలు ఇలా సాగాక టేపమ్మకి విసుగొచ్చింది. అంకె రెండు చేసి, పది సెకన్లని సున్నా చేసింది. ఇక మెనూయే కనిపించదు. కనిపించకపోతే ఆయన కొత్తదాంట్లోకి వెళ్ళలేడు. వెళ్ళకపోతే ఫైలు మార్చలేడు. ఆమె తృప్తిగా లేచి కోటు చేతులు కత్తిరించుకుంది.

లిఫ్టాయన ఆ సాయంత్రం మెషీన్‌ని ఆరుసార్లు ఆపి ఆరుసార్లు ఆన్ చేశాడు. తోచిన మీటలన్నీ నొక్కాడు. తరవాత కుర్చీ వెనక్కి వాలి, "పాతది కూడా అంత చెడ్డదేం కాదు" అన్నాడు.

"నేను చెబుతూనే ఉన్నానుగా" అంది టేపమ్మ.

కానీ రెండో రోజుకే ఆమెకి ఏదో వెలితిగా అనిపించింది. ఈ పదిహేను రోజులూ మెనూ మార్చడానికని కొత్తదాంట్లోకి వెళ్ళినప్పుడల్లా ఆమె ఊరికే తిరిగి రాలేదు. కాగితానికి సరిపడా కుదించమనే ఒక గడిలో టిక్కు ఉన్నందువల్లే ప్రింటు చిన్నదైందని కనిపెట్టి, అది తీసేసింది. ఒక నమూనాని ఒకే ఆజ్ఞతో ఎనిమిది సైజులకి పెంచడం నేర్చుకుంది. పాతదాంట్లో ఆ పనికి ఒక పూట పడుతుంది, మధ్యలో రెండుసార్లు తెర బిగుసుకుపోతుంది. ఇప్పుడు తను వేసిన తాళానికి తనూ బయటే ఉంది. ఈ సంగతి ఎవరితో చెప్పుకుంటుంది?

వారం గడిచింది. బిగుసుకుపోయిన తెర ముందు ఇద్దరూ వంతులవారీగా కూర్చుని, బాగానే ఉందని ఒకరికొకరు చెప్పుకున్నారు.

ఎనిమిదో రోజు టేపమ్మ మళ్ళీ పెన్‌డ్రైవ్‌కి ఫోన్ చేసింది. మెషీన్‌కి ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, దాంట్లోంచే కొత్త సిస్టమ్‌ని లేపి, అందులోంచి డిస్కు మీది ఫైలు సరిచెయ్యొచ్చని ఆయన చెప్పాడు. మర్నాడు పనికి వెళ్తూ జేబులోది ఇచ్చి వెళ్ళాడు. "మీ అన్నయ్యకి చెప్పకు" అందామె. "చెప్పను వదినా" అన్నాడు, ఎందుకో నవ్వు ఆపుకుంటూ.

ఆమె సగం పనిలో ఉండగా తలుపు తెరుచుకుంది. లిఫ్టాయన. మధ్యాహ్నం పన్నెండు.

"మీరేంటి ఈ వేళప్పుడు?"

"తలనొప్పిగా ఉంటే సెలవు పెట్టాను." ఆయన చూపు తెర మీద పడింది. "నువ్వేంటి అందులో?"

ఆమెకి ఆయన పిడికిట్లోంచి ఒక తాడు వేలాడటం కనిపించింది. పెన్‌డ్రైవ్ మెడలో ఉండాల్సిన తాడు.

"తలనొప్పి మాత్రా అది?" అంది.

లిఫ్టాయన ముందు సిగ్గుపడ్డాడు, తరవాత కోపం తెచ్చుకుందామనుకున్నాడు, చివరికి నవ్వొచ్చేసింది. ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. డిస్కుని ఎలా తెరవాలో ఆయనకి తెలియదు. ఆమె చెబుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"ఆ గీత నిలువుగా కాదు, వాలుగా."

"తెలుసు."

"తెలిస్తే నిలువుగా ఎందుకు కొట్టారు?"

ఒంటిగంటకల్లా మెనూ తిరిగి వచ్చింది. కిందటిసారి ఏది వాడితే ఈసారి అదే తెరిచేలా పెట్టుకోవచ్చని టేపమ్మ ఎక్కడో చదివింది. అలాగే పెట్టారు. ఆ ఏర్పాటు ఉపయోగపడిన సందర్భం ఇంతవరకూ రాలేదు. మూడో వరస మీదికి ఇద్దరిలో ఎవరూ వెళ్ళలేదు.

తరవాత లిఫ్టాయన పనిచేసే చోట అందరికీ చెప్పాడు, తన భార్యకి లైనక్స్ తనే నేర్పానని, మొదట మొండికేసినా ఓపిగ్గా దారికి తెచ్చానని. పెన్‌డ్రైవ్ పక్కనే నిలబడి తలాడించాడు. ఆ మాట నలుగురికీ పాకి, ముసలి కంప్యూటర్లు ఒక్కొక్కటే ఇంటికి రావడం మొదలుపెట్టాయి. లిఫ్టాయన వాటిని గంభీరంగా అటూ ఇటూ తిప్పి చూసి, "కొంచెం టైం పడుతుంది, పెట్టి వెళ్ళండి" అంటాడు. మర్నాడు ఆయన పనికి వెళ్ళాక టేపమ్మ వాటిని బాగుచేస్తుంది.

"అంతా నువ్వు చేసి పేరు ఆయనకెందుకే?" అని ఆమె అక్క ఒకసారి నిలదీసింది.

"పేరు నాదైతే వచ్చినవాళ్ళంతా నాతోనే మాట్లాడాలంటారక్కా" అంది టేపమ్మ. "ఆయనకి మాట్లాడటం ఇష్టం. నాకు పనుంది."