అప్పాయమ్మ ఇచ్చిన విత్తనాలు

నర్సీపట్నంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. ఏటేటా వేరు నుంచి మళ్లీ లేచే మొక్కల గురించి బోర్డు మీద బొమ్మలు గీసి, అర్థం కానివాడి మీద కేకలేసే రకాన్ని. అలాంటి నేను చేసిన పని ఇది.

నిరుడు తొలి వానలప్పుడు అప్పాయమ్మ మా ఇంటికి వచ్చింది. ఏజెన్సీ నుంచి చింతపండు తెచ్చి ఏళ్లుగా మాకు అమ్మే మనిషి. కొంగుముడి విప్పి గుప్పెడు విత్తనాలు నా చేతిలో పోసింది. వాళ్ల కొండవాలున చిన్న చిన్నగా పూసే అడవి పొద్దుతిరుగుడువి. రోడ్డు కోసం ఆ వాలంతా తవ్వేశారట.

"మా యమ్మ ఏసిన పువ్వు మేస్టారూ. ఇయ్యే ఆకరి ఇత్తనాలు. మీరు సదువుకున్నోరు, మీకాడుంటే బతుకుతాది. మొదటేడు పువ్వెయ్యదు. ఎండల్లో మోడైపోతాది. పీకీకండి, ఏరు బతికే ఉంటాది."

"నాకు చెబుతున్నావా? ఇది నా సబ్జెక్టు," అని నవ్వాను.

అన్నీ కుండీల్లో వేస్తే పదకొండు మొలిచాయి. ఏడాదంతా ఆకులే. మార్చికి ఎండిపోయాయి. ఉగాదికి చుట్టాలొస్తున్నారని పెరడు శుభ్రం చేస్తూ, ఆ మోళ్లు చూసి చిరాకు పుట్టి, వేళ్లతో సహా లాగి చెత్తలో వేసి తగలబెట్టాను. ఆమె మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. కొండమనిషి మాటే కదా అనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

జూన్‌లో అప్పాయమ్మ వచ్చి, ఇంటి ముందు నాటుకోవడానికి ఒక్క వేరు ఇమ్మంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే వారం రమ్మని పంపి, నర్సరీలో పొద్దుతిరుగుడు మొక్క కొని, కుండీ మార్చి ఆమె చేతిలో పెట్టాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లింది.

దసరా ముందు మళ్లీ వచ్చింది. అడగకుండా ఉండలేక, "పూసిందా?" అన్నాను.

"పూసినాది మేస్టారూ. సేటంత పువ్వు. మాది కాదది."

ఇక దాచలేకపోయాను. "ఉగాదికే పీకేశాను అప్పాయమ్మా. తప్పంతా నాదే."

ఆమె అరుగు మీద కూలబడింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ జూన్లోనే సెప్పుంటే బాగున్ను బాబూ. మా వాలు కాడ తవ్వి పోసిన మట్టి అప్పటికింకా అలాగే ఉన్నాది. అందులో ఏరొక్కటైనా వానకి సిగురేసుండును. ఇప్పుడు దానిమీద తారేసీసినారు."

నా వైపు చూడకుండానే అంది.

"మీకాడున్నాది కదాని, నేనెతకనేదు."