బ్రెడ్డు పథ్యం

షారోన్ మళ్ళీ వాంతి చేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, చూస్తే ఐదేళ్ళంటారు. గుండెల్లో మంటంటూ మంచం మీద ముడుచుకుపోయింది.

"అన్నం పెట్టమాకే స్టెల్లా! పాలల్లో బ్రెడ్డు ముంచి పెట్టు, తేలిగ్గా అరుగుద్ది," అంది నాయనమ్మ తెరేసమ్మ. కోడలు స్టెల్లా బ్రెడ్డు ప్యాకెట్ విప్పింది.

ఆటోనగర్ పక్క సందులోని ఆ ఇంట్లోనే కాదు, మీ ఇంట్లోనూ జరిగేదిదే, అవునా కాదా? కృష్ణా కాలవల కింద వరి పండించుకుంటాం, పుట్టినప్పటి నుంచీ అన్నమే తింటాం. ఒంట్లో కాస్త నలతగా ఉందంటే మాత్రం ముందు ఆ అన్నమే మానిపిస్తాం! బ్రెడ్డు, రస్కు, గోధుమరవ్వ జావ. ఎవరు చెప్పారు మనకి? ఎవరూ చెప్పలేదు. పక్కింటివాళ్ళు పెట్టారు కాబట్టి మనమూ పెడతాం.

షారోన్ పాలిట అదే విషమైంది. తిన్నకొద్దీ కడుపు ఉబ్బేది, విరేచనాలయ్యేవి, ఛాతీలో మంట ఎగదన్నేది. జబ్బు పెరిగితే బ్రెడ్డు పెరిగేది, బ్రెడ్డు పెరిగితే జబ్బు పెరిగేది. మందుల షాపతను పిల్ల ముఖమైనా చూడకుండా "గ్యాసండీ" అని మాత్ర చేతిలో పెట్టేవాడు. గ్యాస్! మన ఊళ్ళో కడుపులో ఏమొచ్చినా అదొక్కటే పేరు. ఆ ఒక్క మాట ఆ పిల్ల ఎదుగుదలని మింగేసింది. పైగా చుట్టాల వెటకారం. "ఏమ్మా స్టెల్లా, పిల్ల వాటా కూడా నువ్వే తింటున్నావా?" స్టెల్లా వంటింట్లోకెళ్ళి ఏడ్చేది.

షారోన్ బడిలో కళ్ళు తిరిగి పడిపోయాక, లారీ బాడీలకి వెల్డింగ్ చేసే తండ్రి ఏసుపాదం పిల్లని భుజాన వేసుకుని పటమటలో డాక్టర్ హరిచందన దగ్గరకి పరుగెత్తాడు. వెనకే తల్లీ, నాయనమ్మా. రక్తపరీక్షలు, ఎండోస్కోపీ అయ్యాయి. సీలియాక్ అని తేలింది.

"గోధుమల్లో, బార్లీలో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుందండీ. అది లోపలికెళ్తే పాప ఒళ్ళు తన పేగుల్ని తనే దెబ్బతీసుకుంటుంది. తిన్నది వంటబట్టదు. జన్మంతా గోధుమ ముట్టకూడదు. మైదా, రవ్వ, బిస్కెట్లు, ఆఖరికి పొడి ఇంగువలో కలిపే పిండి కూడా," అంది డాక్టర్.

"మరేం పెట్టాలండీ?" అన్నాడు ఏసుపాదం.

"హాయిగా అన్నం పెట్టండి!"

తెరేసమ్మ డాక్టర్ బల్ల దగ్గరకొచ్చింది. "నేను మానిపించిందే అది గదమ్మా!"

"తెలియక చేశారు మామ్మగారూ. ఇప్పుడు తెలిసింది కదా."

అన్నం, పప్పు, చేపల పులుసు. కొన్ని నెలలకే పిల్ల బుగ్గల్లోకి రంగొచ్చింది, బడికి పరుగెత్తడం మొదలుపెట్టింది. కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మన జనం అవనిస్తారా!

ఓ ఆదివారం ఏసుపాదం అన్న ఎలీషా క్రీమ్ బన్నులు పట్టుకొచ్చాడు.

"నాకు పడదు పెదనాన్నా," అంది షారోన్.

"ఏరా తమ్ముడూ, వెల్డింగోడి కూతురికి ఏసీ రూముల్లోవాళ్ళ జబ్బా? ఒక్క ముక్కకేమవుద్ది!"

స్టెల్లా "వద్దు బావగారూ" అని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి తోసేసి పిల్ల నోట్లో కుక్కాడు. అన్న కదా అని ఏసుపాదం నోరు మెదపలేదు.

సాయంత్రానికి పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. వాంతుల మీద వాంతులు. ఎలీషా తాపీగా లేచి చెప్పులేసుకుంటూ, "గ్యాసేలే, మాత్ర తెస్తానుండండి," అన్నాడు.

తెరేసమ్మ మిగిలిన బన్నులు తీసి మురిక్కాలవలోకి గిరాటేసింది. పెద్దకొడుకు ముందుకొచ్చి నిలబడింది.

"ఒరేయ్ ఎలీషా! నేను తెలియక పెట్టాను, దానికే రోజూ ప్రభువు ముందు ఏడుస్తున్నా. నువ్వు తెలిసి పెట్టావు. జబ్బని నీకు నమ్మకం కలగాలంటే పిల్ల శవప్పెట్టెలో పడుకోవాలా? ఏసుపాదం, నువ్వూ విను. అన్న పెద్దరికం కోసం కన్నబిడ్డ పేగులు కోస్తావా? పదండి ఆస్పత్రికి! ఇంక ఈ గడపలో 'ఒక్క ముక్కకేమవుద్ది' అన్న మాట వినబడితే ఊరుకోను. పడదని చెప్పిన పిల్ల నోట్లో కుక్కేది ప్రేమ కాదురా, దౌర్జన్యం!"